మిన్నెసోటాలో ఓజిబ్వే, డకోటా తెగలు ఇప్పటికీ ఉన్నాయా? వాళ్ళ చరిత్ర ఏమిటి?

ప్రశ్న: ఉద్యోగం మీద మిన్నెసోటా వెళ్తున్నాను. అక్కడ ఓజిబ్వే, డకోటా అనే రెడ్ ఇండియన్ తెగలు ఉండేవని విన్నాను. వాళ్ళ చరిత్ర ఏమిటి? రెండు తెగలూ బద్ధశత్రువులట, నిజమేనా? ఇప్పుడు ఎవరైనా మిగిలారా?

జవాబు:

ఉన్నారండీ. మిన్నెసోటాలో ఈరోజు ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన ట్రైబల్ నేషన్స్ 11 ఉన్నాయి. ఉత్తరాన అడవులు, సరస్సుల ప్రాంతంలో 7 ఓజిబ్వేలవి: రెడ్ లేక్, వైట్ ఎర్త్, లీచ్ లేక్, మిల్ లాక్స్, ఫాన్ డు లాక్, బోయ్ ఫోర్ట్, గ్రాండ్ పోర్టేజ్. దక్షిణాన నదుల వెంబడి 4 డకోటాలవి: షాకపీ, ప్రెయిరీ ఐలాండ్, లోవర్ సూ, అప్పర్ సూ. రిజర్వేషన్లు అనే తమ సొంత ప్రాంతాల్లోనే కాదు, మినియాపొలిస్‌లో ఫ్రాంక్లిన్ అవెన్యూ చుట్టుపక్కల కూడా చాలామంది ఉంటారు. 2019లో ఈ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయిన పెగ్గీ ఫ్లానగన్ వైట్ ఎర్త్ ఓజిబ్వే.

నేను ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు) దక్షిణ శివారులో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ ఆరో తరగతిలో పిల్లలకి మిన్నెసోటా చరిత్ర ఒక సబ్జెక్టు. మా అమ్మాయి పుస్తకం తెచ్చి ఏవేవో అడుగుతుంటే నేనూ చదవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత వీలున్నప్పుడల్లా ఆ చోట్లకి వెళ్ళి చూస్తూ వచ్చాను. అలా నాకు తెలిసింది చెప్తాను.

ముందు పేర్ల సంగతి. "రెడ్ ఇండియన్" అనే మాట ఇక్కడ ఎవరి ముందూ అనకండి, అది తిట్టుతో సమానం. "నేటివ్ అమెరికన్" అనొచ్చు. ఇంకా మంచిది, ఏ నేషన్ వాళ్ళో ఆ పేరుతో చెప్పడం. పాత కాగితాల్లో, చట్టాల్లో చిప్పెవా అని ఉంటే అది ఓజిబ్వేలే, సూ అని ఉంటే అందులో డకోటాలు కూడా వస్తారు. ఓజిబ్వేలు తమని తాము అనిషినాబే అనుకుంటారు. మన దగ్గర రిజర్వేషన్ అంటే చదువులో, ఉద్యోగంలో కోటా. ఇక్కడ రిజర్వేషన్ అంటే నేల. తమ భూమి వదులుకున్నప్పుడు ఆ జనం తమకోసం అట్టిపెట్టుకున్న ముక్క. దానికి సొంత ప్రభుత్వం, సొంత కోర్టు, చాలాచోట్ల సొంత పోలీసు ఉంటాయి. మీరు అడిగిన చరిత్ర మొత్తానికీ కీలకం ఇక్కడే ఉంది. ఈ నేషన్స్‌కీ అమెరికా ప్రభుత్వానికీ మధ్య ఉన్నవి రెండు దేశాల మధ్య కుదిరే ఒప్పందాల్లాంటివి. అవి పాత కాగితాలైపోలేదు, ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తున్నాయి.

మీరు దిగబోయే విమానాశ్రయం పక్కనే ఫోర్ట్ స్నెలింగ్ అనే పాత కోట ఉంది. దాని కింద మిన్నెసోటా నది వచ్చి మిసిసిపీలో కలుస్తుంది. ఆ సంగమాన్ని డకోటాలు బ్దోటే అంటారు. తమ జాతి పుట్టింది అక్కడేనని వాళ్ళ నమ్మకం. రాష్ట్రం పేరు కూడా డకోటా మాట నుంచి వచ్చిందే. మెడెవాకాంటన్, వాపెకూటే, సిస్సిటన్, వాపెటన్ అనే నాలుగు శాఖలు ఈ ప్రాంతపు డకోటాలు. పడమట మైదానాల్లోని లకోటాలు వీళ్ళ బంధువులే, అందరూ కలిసి ఏడు మండలుల కూటమి.

ఓజిబ్వేలది వేరే భాషా కుటుంబం. తూర్పున అట్లాంటిక్ వైపు నుంచి తరాల తరబడి నడిచి వచ్చారని వాళ్ళ సంప్రదాయ కథనం. తిండి నీళ్ళ మీద పెరిగే చోటు దొరికేదాకా పడమటికి వెళ్ళమని వాళ్ళకి ఆదేశం వచ్చిందట. ఆ తిండి వైల్డ్ రైస్, వాళ్ళ భాషలో మనోమిన్. లేక్ సుపీరియర్‌లోని మాడలిన్ దీవి చాలాకాలం వాళ్ళకి ముఖ్యకేంద్రం. వాళ్ళు అక్కడి నుంచి ఉత్తర మిన్నెసోటాలోకి విస్తరించారు. అక్కడ అప్పటికే డకోటాలు ఉన్నారు, వాళ్ళూ అదే గింజ ఏరుకునేవారు.

శత్రువులా అన్నారు కదా. కొంతకాలం గట్టిగా కొట్టుకున్నారన్నది నిజమే. 1730ల నుంచి దాదాపు 100 ఏళ్ళకి పైగా వేట భూముల కోసం, బొచ్చు వ్యాపారంలో పట్టు కోసం పోరాటాలు జరిగాయి. మిల్ లాక్స్ సరస్సు ప్రాంతం డకోటాల చేతి నుంచి ఓజిబ్వేల చేతికి వెళ్ళింది అలాగే. కానీ ఆన్‌లైన్‌లో చాలామంది రాసేది ఇంతవరకే. అంతకుముందు 1679 నాటికే ఇద్దరి మధ్యా సంధి కుదిరి, ఏళ్ళ తరబడి వ్యాపారం సాగింది. యుద్ధాల కాలంలో కూడా చలికాలం వేట కోసం తాత్కాలిక సంధులు చేసుకునేవారు. పిల్లనిచ్చి పుచ్చుకున్నారు కూడా. ఓజిబ్వేలకి తండ్రి వైపు నుంచి వచ్చే వంశాలుంటాయి, మన గోత్రాల్లాగే ఒకే వంశంలో పెళ్ళి చేసుకోరు. తండ్రి డకోటా అయిన పిల్లలకి ఓజిబ్వే వంశం రాదు, అలాంటివాళ్ళ ద్వారా ఓజిబ్వేల్లో తోడేలు వంశం ఏర్పడిందని చెప్తారు. ఇంకోటి నాకు బాగా నచ్చిన సంగతి. ఓజిబ్వేలు ఈనాటికీ పూజించే పెద్ద డోలు ఒక డకోటా స్త్రీకి దర్శనంలో వచ్చిందని, సైనికుల నుంచి దాక్కున్న ఆమె దాన్ని తన జనానికి ఇస్తే, వాళ్ళు శాంతి కోసం ఓజిబ్వేలకి అందించారని రెండు వైపులవాళ్ళూ చెప్తారు. కాబట్టి బద్ధశత్రువులు అన్నమాట నేను ఒప్పుకోను. ఇద్దరినీ ఎక్కువగా దెబ్బతీసింది ఇంకొకరు.

అది 1805లో మొదలైంది. జెబులన్ పైక్ అనే అమెరికా సైనికాధికారి బ్దోటే దగ్గర ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. అక్కడ ఉన్న ఏడుగురు డకోటా నాయకుల్లో ఇద్దరే సంతకం చేశారు. భూమి దాదాపు లక్ష ఎకరాలు. ధర రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు! తర్వాత సెనేట్ తీరిగ్గా 2,000 డాలర్లు అని నింపింది. కోట కట్టింది ఆ భూమిలోనే. 1825లో ప్రెయిరీ డు షీన్ దగ్గర ఓజిబ్వేలకీ డకోటాలకీ మధ్య హద్దు గీశారు. పైకి శాంతి కోసమే, కానీ ఎవరి దగ్గర ఏది కొనాలో తెలియడానికి ఆ గీత ప్రభుత్వానికి బాగా పనికొచ్చింది.

1837లో అదే కోట దగ్గర ఓజిబ్వేలు మిసిసిపీ, సెయింట్ క్రోయ్ నదుల మధ్య పైన్ అడవుల్ని వదులుకున్నారు. కానీ వాళ్ళ నాయకులు ఒక షరతు పట్టుబట్టి రాయించుకున్నారు: ఆ భూముల్లో, నదుల్లో, సరస్సుల్లో వేట, చేపలు, వైల్డ్ రైస్ హక్కు తమదే. ఒప్పందంలో ఆ వాక్యం చివర "అధ్యక్షుడి ఇష్టం ఉన్నంతకాలం" అని ఉంది. ఆ మాటలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరికి వస్తాను.

1850లో అధ్యక్షుడు జాచరీ టేలర్ ఆ హక్కు రద్దు అన్నాడు, ఓజిబ్వేలు తూర్పు ప్రాంతాలు వదిలి పడమటికి పోవాలన్నాడు. వాళ్ళు కదలరని తెలుసు. అందుకని ఏటా మాడలిన్ దీవిలో ఇచ్చే సొమ్మునీ సరుకుల్నీ ఆ సంవత్సరం మాత్రం వందల మైళ్ళ దూరంలోని శాండీ లేక్ దగ్గర ఇస్తామన్నారు. శీతాకాలం ముంచుకొచ్చేదాకా అక్కడ ఆపితే తిరిగి వెళ్ళలేరు కదా అన్నది ఎత్తుగడ. ఇంకా రాష్ట్రం కాని మిన్నెసోటా టెరిటరీకి గవర్నర్ అయిన అలెగ్జాండర్ రామ్‌సీ ఇందులో ముఖ్యుడు. అక్టోబర్‌లో వేలమంది వచ్చారు. సొమ్ము ఇచ్చే అధికారి రాలేదు. ఇచ్చిన తిండి పాడైపోయింది. తట్టు, జిగట విరేచనాలు మొదలయ్యాయి. డిసెంబర్ మొదట్లో అరకొరగా ఏదో ఇచ్చి పంపేసరికి నదులు గడ్డకట్టాయి. పడవలు వదిలేసి మంచులో నడిచారు. శాండీ లేక్ దగ్గరా, తిరుగుదారిలోనూ కలిపి దాదాపు 400 మంది చనిపోయారు. ఇప్పుడు అక్కడొక స్మారకం ఉంది. మెక్‌గ్రెగర్ అనే చిన్న ఊరి దగ్గర, ఉత్తరాదికి వెళ్ళేవాళ్ళు కొంచెం దారి మళ్ళితే చాలు. నేను చూసిన చోట్లలో జనం అతి తక్కువగా వచ్చేది అదే, అది నాకు బాధ కలిగించింది.

అయినా ఓజిబ్వేలు కదల్లేదు. 1852లో చీఫ్ బఫెలో అని పిలిచే కెచెవైష్కే, 90 ఏళ్ళు దాటిన మనిషి, పడవలోనూ స్టీమర్‌లోనూ రైల్లోనూ వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు ఫిల్‌మోర్‌ని కలిశాడు. తరలింపు ఆగింది. 1854 ఒప్పందంతో వాళ్ళ సొంత ప్రాంతాల్లోనే రిజర్వేషన్లు వచ్చాయి. ఇవాళ ఓజిబ్వేలు లేక్ సుపీరియర్ చుట్టూ ఉన్నారంటే అందులో ఆ ప్రయాణానికి పెద్ద వాటా ఉంది.

డకోటాలకి అలాంటి ఊరట దొరకలేదు. 1851లో ట్రావెర్స్ డె సూ, మెండోటా ఒప్పందాలతో దాదాపు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు పోయాయి. దక్షిణ మిన్నెసోటా మొత్తం అదే. మేమిప్పుడు ఇల్లు కట్టుకుని ఉంటున్నది ఆ భూమిలోనే, మీరు అద్దెకి తీసుకునే అపార్ట్‌మెంట్ కూడా బహుశా అందులోనే ఉంటుంది. ట్రావెర్స్ డె సూలో ఒప్పందం మీద సంతకం అయ్యాక పక్కనే ఇంకో కాగితం పెట్టారు. అది ఒప్పందానికి ఇంకో ప్రతి అనుకుని నాయకులు సంతకం చేశారు. నిజానికి అది వ్యాపారులకి తాము బాకీ ఉన్నామని ఒప్పుకునే పత్రం. అలా డకోటాల చేతికి రావాల్సిన డబ్బు వ్యాపారుల పద్దులకి పోయింది. మిగిలింది మిన్నెసోటా నదికి రెండువైపులా సన్నటి పట్టీ. 1858లో ఉత్తరపు ఒడ్డు కూడా పోయింది.

1862 వేసవి నాటికి పంటలు పాడై ఆకలి పెరిగింది. అమెరికా అంతర్యుద్ధం (సివిల్ వార్) వల్ల ఏటా వచ్చే సొమ్ము ఆలస్యమైంది. ప్రభుత్వ గిడ్డంగిలో తిండి ఉంది, కానీ డబ్బు వచ్చేదాకా ఇచ్చేది లేదన్నారు. ఆండ్రూ మైరిక్ అనే వ్యాపారి ఆకలైతే గడ్డి తినమన్నాడు. ఆగస్టు 17న నలుగురు కుర్రాళ్ళు యాక్టన్ దగ్గర ఐదుగురు వలసదారుల్ని చంపారు. ఆ రాత్రే కొందరు యుద్ధమే దారి అన్నారు. గెలవలేమని తెలిసీ తావోయతేదూతా, ఇంగ్లీషు పుస్తకాల్లో లిటిల్ క్రో, నాయకత్వానికి ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున ప్రభుత్వ కార్యాలయం ఉన్న లోవర్ సూ ఏజెన్సీ మీద దాడి జరిగింది. చనిపోయినవాళ్ళలో మైరిక్ ఒకడు, నోట్లో గడ్డి కుక్కి ఉందట. రావాల్సిన 71,000 డాలర్ల బంగారు నాణేలు ఫోర్ట్ రిడ్జ్‌లీ అనే సైనిక కోటకి చేరింది సరిగ్గా ఆ రోజే.

యుద్ధం ఆరు వారాల లోపే ముగిసింది. వందలమంది వలసదారులు చనిపోయారు, వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, పిల్లలు. ఇది దాచాల్సింది కాదు. అలాగే డకోటాల్లో చాలామంది యుద్ధం వద్దన్నారని, బందీలని కాపాడి సైన్యానికి అప్పగించింది వాళ్ళేనని కూడా చెప్పాలి. శిక్ష మాత్రం అందరికీ పడింది. సైనిక కమిషన్ 392 మందిని విచారించింది. లాయర్లు లేరు, కొన్ని కేసులు ఐదు నిమిషాల్లోపే తేల్చేశారు. 303 మందికి మరణశిక్ష. అధ్యక్షుడు లింకన్ రికార్డులు తెప్పించి చూసి ఆ జాబితాని 39కి తగ్గించాడు, చివర్లో ఒకరికి మినహాయింపు దొరికింది. 1862 డిసెంబర్ 26న మ్యాన్‌కేటో ఊళ్ళో 38 మందిని ఒకే వేదిక మీద ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకేసారి ఇంతమందిని ఇంకెప్పుడూ ఉరితీయలేదు. శవాల్ని డాక్టర్లు తవ్వి తీసుకుపోయారు. వాళ్ళలో మేయో క్లినిక్ వ్యవస్థాపకుల తండ్రి కూడా ఉన్నాడు. దానికి ఆ సంస్థ 2018లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

యుద్ధంతో సంబంధంలేని దాదాపు 1,600 మంది ఆడవాళ్ళని, పిల్లల్ని, ముసలివాళ్ళని ఫోర్ట్ స్నెలింగ్ కింద నది ఒడ్డున కంచె కట్టి ఆ చలికాలమంతా ఉంచారు. 130 నుంచి 300 మంది దాకా అక్కడే చనిపోయారని అంచనా. వాళ్ళు పుట్టుకకి మూలమనుకునే బ్దోటే దగ్గరే! 1863లో కాంగ్రెస్ డకోటాలతో ఉన్న ఒప్పందాలన్నీ రద్దు చేసి, మిగిలినవాళ్ళని పడవల్లో ఇప్పటి సౌత్ డకోటాలోని క్రో క్రీక్‌కి తరలించింది. తావోయతేదూతాని ఆ ఏడు జులైలో హచిన్‌సన్ దగ్గర కాల్చి చంపారు. ఆయన అవశేషాలని చాలా ఏళ్ళు ప్రదర్శనకి పెట్టారు, కుటుంబానికి అప్పగించి సరిగ్గా పూడ్చింది 1971లో.

జనవరిలో ఒకసారి ఆ నది ఒడ్డున నిలబడ్డాను. మంచి జాకెట్, బూట్లు ఉండి కూడా ఎక్కువసేపు ఉండలేకపోయాను. పుస్తకంలో చదివినప్పుడు "చలికాలం" అనే మాట అంతగా తగలదు, ఇక్కడి చలి తెలిశాక వేరుగా తగులుతుంది.

వెళ్ళగొట్టిన డకోటాల్లో కొన్ని కుటుంబాలు 1880ల నుంచి మెల్లగా తిరిగొచ్చి చిన్న చిన్న ముక్కలు కొనుక్కున్నాయి. ఇప్పటి నాలుగు నేషన్స్ అలా నిలబడ్డవే. షాకపీ వాళ్ళ మిస్టిక్ లేక్ కాసినోకి మనవాళ్ళు బాగానే వెళ్తారు. దాని యజమానులు ఎవరో మాత్రం చాలామందికి పట్టదు.

ఓజిబ్వేల భూమి మీద ఇంకో రకం దెబ్బ పడింది. 1889 నెల్సన్ చట్టం రిజర్వేషన్లని మనిషికింత అని ముక్కలు చేసింది. వైట్ ఎర్త్‌లో ఆ ముక్కలు కలప కంపెనీల చేతుల్లోకి పోయాయి. రెడ్ లేక్ మాత్రం ముక్కలు చేయడానికి ఒప్పుకోలేదు, అక్కడి నేల ఇప్పటికీ అందరిదీ ఉమ్మడి. పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్ళకి పంపి భాష మాన్పించడం రెండు జాతులకీ జరిగింది.

ఇప్పుడు "అధ్యక్షుడి ఇష్టం ఉన్నంతకాలం" అన్న ఆ మాటల సంగతి. 1990లో మిల్ లాక్స్ ఓజిబ్వేలు 1837 హక్కు కోసం రాష్ట్రం మీద కేసు వేశారు. సరస్సులో చేపల గురించి ఇక్కడ ఊళ్ళకి ఊళ్ళే ఉద్రేకపడ్డాయి. 1999లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఓజిబ్వేల వైపు తీర్పిచ్చింది. టేలర్ 1850లో ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని, కాబట్టి హక్కు అలాగే ఉందని చెప్పింది. 162 ఏళ్ళ కిందట ఆ నాయకులు పట్టుబట్టి రాయించుకున్న వాక్యం అంతకాలం తర్వాత నిలబడింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. పక్కాగా మోసం జరిగిన కాగితాల మధ్యే, ఆ కాగితాల భాషలోనే, తమ మనవళ్ళకి పనికొచ్చేది ఒకటి వాళ్ళు దాచిపెట్టగలిగారు.

మిగతా మార్పులు నెమ్మదిగా వస్తున్నాయి. నేటివ్ అమెరికన్ల హక్కుల కోసం పోరాడిన అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ 1968లో మినియాపొలిస్‌లోనే పుట్టింది. నగరంలోని పెద్ద సరస్సుకి బ్దే మకా స్కా అనే డకోటా పేరు తిరిగొచ్చింది, 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2021లో లోవర్ సూ ఏజెన్సీ స్థలం కొంత, 2024లో అప్పర్ సూ ఏజెన్సీ పార్కు ఆ నేషన్స్‌కి తిరిగి వెళ్ళాయి. 2024లో రాష్ట్ర జెండా కూడా మారింది. పాతదాని మీద ముద్రలో రైతు దున్నుతుంటే ఒక నేటివ్ మనిషి గుర్రం మీద వెళ్ళిపోతూ ఉండేవాడు.

ఇక్కడికి వచ్చాక ఏం చూడాలంటారా? ముందు ఫోర్ట్ స్నెలింగ్ కింద నది ఒడ్డు, తర్వాత మ్యాన్‌కేటోలో రీకన్సిలియేషన్ పార్కు. అక్కడ 38 మంది పేర్లూ రాసి ఉన్నాయి. పిల్లలుంటే మిల్ లాక్స్ ఇండియన్ మ్యూజియం మంచిది.

వైల్డ్ రైస్ కొనేటప్పుడు కొంచెం జాగ్రత్త. సూపర్ మార్కెట్‌లో నల్లగా మెరిసేది మడుల్లో పండించి యంత్రంతో కోసింది. సరస్సులో చేత్తో తీసినది గోధుమ రంగులో ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది, వాసనే వేరు. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో ఇద్దరు పడవలో వెళ్తారు. ఒకరు గెడ వేస్తే ఇంకొకరు రెండు కర్రలతో కంకులు వంచి పడవలోకి దులుపుతారు. రాలిన కొన్ని గింజలు నీళ్ళలో పడి వచ్చే ఏటికి విత్తనమవుతాయి. ఒడ్డుకి తెచ్చి ఎండబెట్టి, బాణలిలో వేయించి, కాళ్ళతో తొక్కి, బర్చ్ బెరడు చేటల్లో చెరుగుతారు. రిజర్వేషన్ల దగ్గర చిన్న దుకాణాల్లో దొరుకుతుంది. ధర ఎక్కువే, కానీ ఆ డబ్బు గింజలు సేకరించినవాళ్ళకే చేరుతుంది. మా ఇంట్లో కూరగాయలేసి పులావ్ చేస్తే అందరూ ఇష్టంగా తిన్నారు.

ఆగస్టులో షాకపీలో పెద్ద వాచీపీ, అంటే పౌవావ్ అనే డోళ్ళ, నాట్యాల సంబరం, జరుగుతుంది. బయటివాళ్ళు వెళ్ళొచ్చు. నాట్యం చేసేవాళ్ళంతా వరుసగా లోపలికి వచ్చే గ్రాండ్ ఎంట్రీకి ముందే వెళ్ళి కూర్చోండి, అది మొదలవగానే టోపీ తీసి లేచి నిలబడండి. నాట్యం చేసేవాళ్ళ దుస్తుల్ని "కాస్ట్యూమ్" అనకండి, రీగేలియా అనాలి. ఈకలు, పూసలు ముట్టుకోవద్దు. మైకులో ఫొటోలు వద్దన్నప్పుడు ఫోన్ జేబులో పెట్టేయండి, ఎవరినైనా దగ్గరగా తీయాలంటే ముందు అడగండి. పిల్లలకి కూడా ఇవన్నీ ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి.